లైన్లో ఉండండి

"మీ మేనత్త ఇక మనింటికి వచ్చేస్తే సరిపోతుందిగా," అన్నాడు భర్త, పేపరు కిందికి దించకుండానే. "మన వంటమనిషి కూడా మానేసింది. అక్కడ మీ నాన్న ఒక్కరికి వండడానికి ఆవిడెందుకు?"

గుండీలమ్మ ఇస్త్రీ చేస్తోంది. అమ్మ ల్యాబు తెల్లకోటు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె కాలరు మీద ఆనించింది. సాయంత్రం సంస్మరణ సభలో ఆ కోటును అద్దాల బీరువాలో పెడతారట. అమ్మ బతికుండగా దానికి ఎప్పుడూ ఇస్త్రీ లేదు. ఉతికి, ఆరేసి, మడిచి పరుపు కింద పెట్టేది మేనత్త. పొద్దున్నే లాగి తొడుక్కుని వెళ్లిపోయేది అమ్మ. పైనుంచి మూడో గుండీ మిగతావాటికంటే కాస్త పచ్చగా ఉంది. అదీ మేనత్త కుట్టిందే. గుండీల కొట్టు నడిపే మనిషి చూపు ముందు అక్కడికే పోయింది.

బజారులో ఆమెకు ఆ పేరు పెట్టింది దర్జీలు. గుండీలు, జిప్పులు, దారపు ఉండలు, లైనింగు గుడ్డ, దర్జీ పనికి కావలసినదేదైనా ఆ కొట్టులో దొరుకుతుంది. కొట్టు బోర్డు మీద మామగారి పేరు. గల్లాపెట్టె ముందు కూర్చునేది భర్త. ఏ సరుకు తేవాలి, ఎవరి దగ్గర తేవాలి, ఏ రంగు వచ్చే ఏడాదికి కదలదు, ఇవన్నీ చూసేది గుండీలమ్మ. ఎవరైనా పెద్ద వ్యాపారి వచ్చి కూర్చుంటే భర్త ఆమెను చూపించి, "మా ఆవిడ కూడా తీరికున్నప్పుడు కాస్త సాయం చేస్తుందండీ" అంటాడు. ఆ తీరిక ఎప్పుడు వస్తుందో ఆమెకు మాత్రం తెలియదు.

ఇప్పుడు అత్త సంగతి కూడా అతను సరుకు సంగతిలాగే మాట్లాడాడు. అవతలి కొట్టులో కదలకుండా పడివున్నదాన్ని ఇవతలికి తెచ్చుకుంటే పనికొస్తుందన్నట్టు. ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే అదే లెక్క రెండు మూడు రోజులుగా ఆమె తలలోనూ తిరుగుతోంది. అత్త వస్తే పొద్దున్నే వంటింట్లోకి పరిగెత్తనక్కర్లేదు. కొట్టు నుంచి వచ్చేసరికి వేడిగా ఏదో ఒకటి ఉంటుంది. అత్త చేతి వంట చిన్నప్పటినుంచీ తెలిసినదే. బేరం ఎటు చూసినా లాభమే. అంత లాభంగా కనిపించే బేరాన్ని గుండీలమ్మ తన వ్యాపారంలో ఎప్పుడూ నమ్మలేదు. సరుకు అసలు ధరకన్నా తక్కువకి దొరుకుతోందంటే మిగతాది ఎక్కడో ఎవరో భరిస్తున్నారని అర్థం. అదెవరో తెలుసుకోకుండా ఆమె ఒక్క మూట కూడా దించుకోదు.

మేనత్త అంటే నాన్నకు చెల్లెలు. వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఎదురుగా బోర్డు, చెవులకు హెడ్‌ఫోను, రెండు చేతుల్లో తీగలు. ఊరంతా ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా తన చేతులమీదుగానే మాట్లాడేవారని చెప్పేటప్పుడు ఆవిడ మొహం ఇప్పటికీ వెలుగుతుంది. గుండీలమ్మ పుట్టినప్పుడు వదినకు సాయంగా నాలుగు రోజులు ఉండి వెళ్దామని సెలవు పెట్టి వచ్చింది. బిడ్డకు జ్వరం వచ్చింది, సెలవు పొడిగించింది. వదిన ల్యాబుకు వెళ్లాలి, సెలవు పొడిగించింది. "ఉద్యోగం ఎప్పుడు మానేశావత్తా?" అని గుండీలమ్మ చిన్నప్పుడు అడిగితే, "మానలేదే. పొడిగించా," అని నవ్వేది. పెళ్లి మాట కూడా అలాగే పొడిగింపులో పడి ఎక్కడో జారిపోయింది. ఆ ఉద్యోగం నుంచి ఆవిడ వెంట తెచ్చుకున్నది గొంతు ఒక్కటే. ఇంట్లో ఫోను మోగితే, చేతికి పిండి అంటుకుని ఉన్నా, పొంగుతున్న పాలు దించుతున్నా, అదే తీరుగా ఎత్తేది. "నమస్కారమండీ, చెప్పండి. వదినా? కణాలకి మేత వేయడానికి వెళ్లారండి. లైన్లో ఉండండి, ఎప్పుడొస్తారో కనుక్కుని చెప్తాను."

కణాలకి మేత అంటే ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ క్యాన్సర్ గడ్డలనుంచి తీసిన ముక్కల్ని గాజుసీసాల్లో పెంచేది. వాటికి రోజు విడిచి రోజు పాత నీరు తీసి, కొత్త పోషకం పోయాలి. పండగా పబ్బమా అవి చూడవు. ఆదివారం అసలే చూడవు. అమ్మ ల్యాబులో కొత్తగా చేరినప్పుడు అక్కడి పెద్దాయన, "పెళ్లయిన ఆడవాళ్లకి ఈ పని కుదరదమ్మా. ఆదివారం మధ్యాహ్నం మీ ఆయన భోజనం మానేసి ఇక్కడ సీసాలు కడుగుతావా?" అన్నాడట. అమ్మకు ఇచ్చిన గది అంతకుముందు విరిగిన సామాను పడేసే కొట్టు. తనే చీపురు పట్టి ఊడ్చి, తనే గోడలకు సున్నం కొట్టించి, తనే మొదలుపెట్టింది. బయటి దేశాలనుంచి శాస్త్రవేత్తలు వస్తే, టీ కప్పులు అందించేటప్పుడు మాత్రమే పెద్దాయనకు ఆమె గుర్తుకొచ్చేది. ఆ ఆదివారం మాట అమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక్క ఆదివారం కూడా వదల్లేదు.

అమ్మ పట్టుదల గురించి చెప్పినప్పుడల్లా అందరూ అక్కడ ఆగిపోతారు. అన్ని ఆదివారాలు ఆమెకు ఎక్కడినుంచి వచ్చాయని ఎవరూ అడగరు. నాన్న కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆదివారం ఇంట్లోనే ఉండేవాడు. వరండాలో కుర్చీ, చేతిలో పుస్తకం. స్త్రీల అభ్యుదయం మీద ఉపన్యాసాలకు పిలిస్తే, "మా ఆవిణ్ణి నేనే ప్రోత్సహించాను" అని తప్పకుండా చెప్పేవాడు. ప్రోత్సహించడం అబద్ధం కాదు. అది కుర్చీలోంచి లేవకుండా చేయగలిగిన పని. లేచి చేయవలసినవన్నీ మేనత్త చేసింది.

వారం కిందట ఆ ల్యాబు ఇప్పటి డైరెక్టరు ఫోను చేశాడు. ఒకప్పుడు అమ్మ దగ్గర శిష్యుడిగా చేరి, పిపెట్ గొట్టం పట్టడం నేర్చుకున్న మనిషి. కణాలు పెంచడానికి కొత్తగా కట్టిన కల్చర్ గదికి మేడం పేరు పెడుతున్నామని, గుమ్మం పక్కన రాతి పలక మీద మేడం మాట ఒకటి చెక్కిస్తున్నామని, ఆ పలకను కూతురే ఆవిష్కరించాలని చెప్పాడు. ఆ మాట చదివి వినిపించాడు.

"తప్పు నంబరు కలిస్తే క్షమించమని తీసేసి మళ్లీ కలపాలి."

"మేడం మాటల్లో మా అందరికీ నోటికొచ్చింది ఇదేనమ్మా. మా ల్యాబు పిల్లలు ఏదైనా పొరపాటు చేసి ఏడుస్తూ వస్తే ఇప్పటికీ ఇదే చెప్తాం. బాగుందా?"

బాగుందనే అంది గుండీలమ్మ. కొట్టులో జనం ఉన్నారు, పలక సంగతి ముందే విన్న నాన్న కూడా సంతోషంగా ఉన్నాడు. కానీ ఆ వారమంతా ఆమెకు సరుకులో ఏదో తేడా ఉన్నట్టే ఉంది. గుండీల డబ్బా బయట, లోపల ఏముందో తెలియడానికి, ఒక్క గుండీ అతికించి ఉంటుంది. అది చూసి కొనేవాళ్లు ఎక్కువ. గుండీలమ్మ మాత్రం ప్రతి డబ్బా మూత తీసి చూస్తుంది. ఆ అలవాటు అమ్మ దగ్గరనుంచి వచ్చింది. "సీసామీద చీటీని నమ్మకు, లోపలిదాన్ని చూడు" అని అమ్మ ఇంట్లో ఉప్పు డబ్బా పంచదార డబ్బా దగ్గర కూడా అనేది. ఇప్పుడు డబ్బా మీద అమ్మ ఉంది. లోపల ఎవరున్నారో గుండీలమ్మకు తెలుసు. ఎందుకంటే ఆ మాట పుట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది, వంటింటి గట్టు పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటూ.

అమ్మకు పేరు తెచ్చింది కాలేయపు గడ్డ నుంచి పెంచిన కణాలు. ఒక మగ రోగి గడ్డలోంచి తీసిన చిన్న ముక్క, మహా మొండిది, నెలల తరబడి పెరగనని మొరాయించింది. అమ్మ బతిమాలి, బుజ్జగించి, చివరికి దాన్ని పెంచింది. దేశదేశాల ల్యాబులు రాసి అడిగి తెప్పించుకున్నాయి. వాటిమీద మందులు పరీక్షించారు, పెద్దపెద్ద వ్యాసాలు రాశారు. ఏళ్లు గడిచాయి. ఒక ఆదివారం అమ్మ వెళ్లేసరికి సీసా నిండిపోయి ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు సంబరపడ్డారు. అమ్మకు అనుమానం వచ్చింది. ఇంత చురుగ్గా పెరగడం వీటి స్వభావం కాదే అని. క్రోమోజోములు చూసింది. మగవాడి కణాల్లో ఉండవలసిన గుర్తు ఒక్కదానిలోనూ లేదు. ఆ ఒక్క గుర్తు చాలదు, ఒక్కోసారి అది రాలిపోతుందని ఇంకో రెండు రకాలుగా చూసింది. పాత సీసాలు దాచిపెట్టినవి తీసి చూసింది. సందేహం లేదు. లోపల ఉన్నవి ఒక ఆడమనిషి కణాలు, అదే గదిలో ఇంకొకరు పెంచుతున్నవి. ఎప్పుడో ఒకరోజు ఒక పిపెట్ రెండు సీసాల్లో ముంచారు. ఒక్క బొట్టు పడింది. వేగంగా పెరిగేవి నెమ్మదైనవాటి చోటును ఆక్రమించుకున్నాయి. చీటీ మాత్రం మారలేదు.

పెద్దాయన తలుపు వేసి మరీ చెప్పాడట. "ఇన్నేళ్ల పేరు చేజేతులా పాడుచేసుకుంటావా అమ్మా? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు కదండీ," అందట అమ్మ.

అలా అని వచ్చిందే కానీ, ఏం చేయాలో ఆమెకు తోచలేదు. వరండాలో నాన్నతో చెప్పింది. నాన్న చాలాసేపు ఆలోచించి, నైతికంగా చూస్తే ఒకటి, ఆచరణలో చూస్తే ఒకటి అని మొదలుపెట్టి, దేనికీ రాకుండా ముగించాడు. అమ్మ వంటింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. మేనత్త కూరలు తరుగుతోంది. సంగతంతా విని, చాకు ఆపకుండానే అంది.

"ఇందులో ఇంత ఆలోచన ఏముంది వదినా? మాకు రోజూ జరిగేదే. తప్పు నంబరు కలిస్తే క్షమించమని తీసేసి మళ్లీ కలపాలి. తప్పని తెలిసీ అలాగే మాట్లాడుకోనిస్తామా?"

అమ్మ నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఆ తర్వాతి సమావేశంలో అందరిముందు నిలబడి, తన కణాలు తనవి కావని, వాటిమీద వచ్చిన ఫలితాలన్నీ మళ్లీ చూసుకోవాలని చెప్పింది. మొదట్లో నవ్వినవాళ్లున్నారు, మొహం చాటేసినవాళ్లున్నారు. ఇంటికి భోజనానికి కూడా రాకుండా ఆమె మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఏ సీసాలో ఏ కణాలున్నాయో ఎప్పటికప్పుడు పరీక్షించాలని, ఒకసారి ఒక రకం సీసానే బల్లమీద పెట్టాలని, ఒక రకానికి వాడిన పోషకం ఇంకో రకానికి తాకకూడదని ఆమె పెట్టిన పద్ధతులు మెల్లగా అందరూ పాటించారు. ఇవాళ ఆమెను మార్గదర్శి అంటున్నది ఆ కణాలు పెంచినందుకు కాదు, ఆ కణాలు తనవి కావని చెప్పినందుకు.

అంత నిక్కచ్చి మనిషి ఇంటిదగ్గర ఒక చీటీని మాత్రం అలాగే ఉండనిచ్చింది. ఏదో మహిళా సంఘం వాళ్లు ఆమెకు సన్మానం చేసి, ఇల్లూ ల్యాబూ రెండూ ఎలా నెట్టుకొస్తున్నారండీ అని అడిగారు. "అలవాటైపోయింది," అంది అమ్మ. చప్పట్లు కొట్టారు. మేనత్త కూడా కొట్టింది, ఒళ్లో పెట్టుకున్న వదిన చేతిసంచి జారిపోకుండా మోచేత్తో పట్టుకుని. గుండీలమ్మ పక్కనే ఉంది. ఆ వయసులో ఆమెకు అమ్మ మీదే కోపం వచ్చింది. పెళ్లై, కొట్టు మెట్లెక్కి, తీరికున్నప్పుడు సాయం చేసే మనిషిగా పేరుపడ్డాక ఆ కోపం కాస్త చోటు మారింది. ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు. అమ్మకు ఆదివారం కావాలి. దాన్ని ఇవ్వగలిగినవాడు వరండాలో కూర్చున్నాడు. ఇవ్వకూడదన్నవాడు ల్యాబులో కూర్చున్నాడు. ఇద్దరు మగవాళ్లు కదలకపోతే, ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి జీవితంలోంచి దాన్ని తీసుకోవలసి వచ్చింది. తీసుకున్నానని ఒప్పుకోలేకపోయింది.

పోయే ముందు, మంచం పట్టిన రోజుల్లో, గుండీలమ్మ అడిగేసింది. "అమ్మా, అత్తని ఒక్కసారైనా అడిగావా, ఉద్యోగానికి తిరిగి వెళ్తావా అని?"

అమ్మ కిటికీవైపు తిరిగి పడుకుంది. అప్పుడంది అమ్మ.

"అడిగితే వెళ్లిపోతుందేమోనని భయమేసింది."

*

మధ్యాహ్నం దాటాక, నాన్ననూ మేనత్తనూ సభకు తీసుకెళ్లడానికి భర్తతో కలిసి పుట్టింటికి వెళ్లింది. నాన్న తయారై కూర్చున్నాడు. సభలో కూతురు చదవవలసిన నాలుగు మాటలు తనే రాసి ఉంచాడు. ఇంటినీ ల్యాబునీ ఆమె రెండు కళ్లలా చూసుకుందని మొదలైంది. ఆమె భర్త ప్రోత్సాహం వెన్నెముకలా నిలిచిందని ముగిసింది. గుండీలమ్మ చదివి, మడిచి, చేతిసంచిలో పెట్టుకుంది.

అల్లుడు మెల్లగా అసలు సంగతి ఎత్తాడు. మామగారు, ఆవిడా వేరే ఉండడం ఎందుకని, ఇద్దరూ తమ ఇంటికే వచ్చేస్తే అందరికీ సుఖమని. నాన్నకు తన కుర్చీ, తన వరండా వదలడం ఇష్టంలేదు.

"నేను రాను. చెల్లాయ్ లేకపోతే నాకు గడవదు. ఏ మాత్ర ఎప్పుడో దానికే తెలుసు," అన్నాడు.

"అలాగంటే ఎలా మావయ్యగారూ? మీ అమ్మాయి కొట్టూ ఇల్లూ రెండూ ఎక్కడ చూసుకుంటుంది?"

"పోనీ సగం రోజులు ఇక్కడ, సగం రోజులు అక్కడ."

"అదీ బాగానే ఉంది. వారాలు పంచుకుందాం."

మేనత్త టీ పళ్లెంతో వచ్చింది. పంచదార సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నారు. ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. అంతే. గుండీలమ్మ ఇలాంటి బేరాలు ఎన్నో చూసింది. ఇద్దరు మాట్లాడుకుంటారు, సరుకు బల్లమీద ఉంటుంది, సరుకును ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ ఆమెకు భయమేసింది. ఆ ఇద్దరి మీద కాదు, తన మీద. అడగాలని నోటిదాకా వచ్చింది. అమ్మ గొంతుకు అడ్డంపడినదే తన గొంతుకూ అడ్డంపడింది. అడిగితే, అత్త ఎక్కడికీ రానంటే? వంటింట్లో రేపు పొద్దున్న నిలబడేది తనే.

*

సభ హాలు చల్లగా ఉంది. వేదిక మీద అమ్మ పెద్ద ఫోటో, తల కాస్త వంచి మైక్రోస్కోప్ లోకి చూస్తున్నది. మొదటి వరసలో నాన్నను, భర్తను కూర్చోబెట్టారు. మేనత్త మూడో వరసలో గోడవైపు కుర్చీ వెతుక్కుంది. అక్కడైతే లేవాల్సొస్తే ఎవరికీ అడ్డం ఉండదట.

డైరెక్టరు బాగా మాట్లాడాడు. పాత సామాను గది, చీపురు, మొండి కణాలు, ఆడమనిషి కణాల సంగతి, సమావేశంలో అమ్మ నిలబడి చెప్పిన తీరు, ఏదీ దాచలేదు. మాట మధ్యలో ఒకసారి ఆగి నీళ్లు తాగాడు. చివర్లో అందరూ మామూలుగా చెప్పేదే చెప్పాడు. "ఇంత పని చేస్తూ కూడా మేడం ఇంటిని ఏనాడూ నిర్లక్ష్యం చేయలేదు. మేడం తెచ్చే డబ్బాల్లో మేం తిన్నదంతా మేడం వంటే. ఆ రుచి ఇప్పటికీ నాలుకమీదుంది."

గుండీలమ్మ వెనక్కి తిరిగి చూసింది. మేనత్త తల ఊపుతోంది, వంట బాగుందన్నందుకు.

వేదిక పక్కన నిలబెట్టిన పలకమీద తెర తీశారు. నల్లరాయి, తెల్ల అక్షరాలు, కింద అమ్మ పేరు. నాలుగు మాటలు చెప్పమని మైకు ఆమె ముందుకు తెచ్చారు. కొట్టులో నలుగురితో బేరమాడే మనిషికి జనమంటే భయం లేదు. చేతిసంచి తెరిచింది. నాన్న రాసిన కాగితం వేళ్లకు తగిలింది. దాన్ని చదివేస్తే అందరూ సుఖంగా ఇళ్లకు వెళ్తారు. పలక అలాగే ఉంటుంది. రేపటినుంచి అత్తను వారాల లెక్కన పంచుకుంటారు. సంచి మూసేసింది.

"మా అమ్మ ఇల్లు చూసుకోలేదండీ," అంది.

హాల్లో ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

"తప్పు పట్టి చెప్పడం లేదు. మీలో మగవాళ్లెవరూ చూసుకోలేదు, ఆమె కూడా చూసుకోలేదు. ఆమెకి అంత పని ఉంది. ఇల్లు చూసుకున్నది మా మేనత్త. ఆ డబ్బాల్లో వంట ఆవిడదే. నన్ను పెంచింది ఆవిడే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి నాలుగు రోజులు సెలవు పెట్టి మా ఇంటికి వచ్చింది. ఆ సెలవు ఇంకా అవలేదు." పలకవైపు చెయ్యి చూపింది. "ఈ రాతి మీది మాట కూడా ఆవిడదే. ఆపరేటరు మాట అది. మా వంటింట్లో, మా అమ్మ ఏం చేయాలో తోచక కింద కూర్చున్నప్పుడు, ఆవిడ కూరలు తరుగుతూ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. మా అమ్మ దాన్ని తెచ్చి మీకిచ్చింది."

నాన్న నేలచూపులు చూస్తున్నాడు.

"ఆ సీసాల్లో ఏళ్లతరబడి పనిచేసింది ఎవరో ఒక ఆడమనిషి కణాలని, చీటీ మీద మాత్రం వేరే మనిషి ఉన్నాడని ఇప్పుడే చెప్పారు. ఆ చీటీ తప్పని చెప్పినందుకే మీరు మా అమ్మని తలుచుకుంటున్నారు. అలాంటి మనిషి పేరు పెట్టిన గదికి గుమ్మంలోనే తప్పు చీటీ వద్దండీ. మార్చండి."

ఆమె మైకు వదిలేసి దిగింది. అందరి తలలూ మూడో వరసలో గోడవైపు తిరిగాయి. మేనత్త కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. అప్పుడు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మిగతావాళ్లు అందుకున్నారు. డైరెక్టరు పలక దగ్గరికి వెళ్లి దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసి, తెరను తన చేతులతోనే తిరిగి కప్పేశాడు.

బయట వరండాలో నాన్న ఆమెను పట్టుకున్నాడు. "మీ అమ్మని నేనెంత ప్రోత్సహించానో ఒక్క ముక్క చెప్పలేదే తల్లీ. అందరిముందూ నన్ను ఏమీ చేయనివాణ్ణి చేశావు."

"నేను చేయలేదు నాన్నా," అంది గుండీలమ్మ, మెల్లగానే. ఆయన మొహంలో వయసు ఒక్కసారిగా కనిపించింది. ఆమెకు జాలేసింది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మేనత్త వచ్చి ఆమె మోచెయ్యి గిల్లింది. "ముందు చెప్పొద్దటే? అందరూ తిరిగి చూస్తుంటే లేచి నిలబడాలో కూర్చోవాలో తెలియలేదు."

"మరేం చేశావత్తా?"

"కూర్చున్నా. చాలా కాలమైంది అలా కూర్చుని." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఆ గది ఒకసారి చూపించమనవే. ఇన్నేళ్లు ఆ కణాల కోసమే వండా. అవెలా ఉంటాయో తెలీదు."

డైరెక్టరే స్వయంగా ఇద్దరినీ మేడ మీదికి తీసుకెళ్లాడు. చెప్పులు విప్పించి, పైన వేసుకోవడానికి తెల్లకోట్లు ఇచ్చాడు. మేనత్త తనదాని గుండీలన్నీ చూసుకుని మరీ తొడుక్కుంది. గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఒక బీరువాలాంటి వెచ్చని పెట్టె, అందులో వరసగా సీసాలు. ఒక్క సీసా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నాడు. ఆవిడ కళ్లజోడు నుదుటిమీదికి తోసి వంగింది. ఫోటోలో అమ్మ వంగినట్టే. చాలాసేపు లేవలేదు.

"కదలవే ఇవి," అంది.

"కదులుతాయమ్మా. మన కంటికి తెలియకుండా."

"ఆదివారం వీటికి ఎవరు పెడుతున్నారు?"

"వంతులు వేసుకున్నామమ్మా. అందరం. నా వంతు వస్తే నేను కూడా."

"మీరు కూడానా?"

"నేను కూడా. మా ఆవిడ ఇంటిదగ్గర నవ్వుతుంది, నా చేత్తో తిండి తినే ఈ సీసాలు తనకన్నా అదృష్టం చేసుకున్నాయని."

మేనత్త మైక్రోస్కోప్ నుంచి తల ఎత్తింది. "వంతులు," అంది, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. "చూశావుటే, మా ఇంట్లో ఇంత చదువుకున్నవాళ్లున్నారు. ఈ మాట ఒక్కరికీ తోచలేదు."

కిందికి వచ్చేసరికి నాన్న, భర్త కారు దగ్గర నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా కాస్త దూరం. కారు తాళాలు భర్త వేలికి వేలాడుతున్నాయి. అతను సభ సంగతి ఎత్తకుండా అడిగాడు. "ముందు ఎటు పోనివ్వాలి? మీ అత్తని ఇవాళ ఎక్కడ దింపాలి?"

అతను అడిగింది భార్యను. నాన్న జవాబు కోసం చూసింది కూతురివైపు.

గుండీలమ్మ మేనత్తవైపు తిరిగింది. అత్త ఎక్కడికీ రానంటే రేపటి వంటింట్లో నిలబడేదెవరో ఆమెకు బాగా తెలుసు. తెలిసే అడిగింది.

"అత్తా, నీకెక్కడ ఉండాలనుంది? మా ఇల్లో, నాన్న ఇల్లో అని అడగడం లేదు. నీకెక్కడ?"

మేనత్త కారు వెనక తలుపు తనే తీసుకుని, అంచుమీద కూర్చుని, కాళ్లు బయటికి చాపుకుంది. ఒళ్లో ఏ సంచీ లేదు. ఆవిడ మొహంలోకి ఎప్పటిదో ఒక వెలుగు వచ్చింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా బోర్డు, రెండు చేతుల్లో తీగలు ఉన్నప్పటిది.

"లైన్లో ఉండండి," అంది ముగ్గురితోనూ. "కనుక్కుని చెప్తాను."

భర్త టైము చూసుకోబోయాడు. గుండీలమ్మ అతని వేలినుంచి తాళాలు తీసుకుని తన సంచిలో వేసుకుంది. ముగ్గురూ నిలబడ్డారు.